వైరల్ లోడ్ పెరిగితే ఏ టెస్ట్? చెన్నై రైలెక్కే ముందు వేసుకోవాల్సిన లెక్క

"సార్, రెసిస్టెన్స్ టెస్ట్‌కి ఎంతవుతుంది?" నాకు తెలుగులో వచ్చే ఫోన్లు చాలావరకు ఈ మాటతోనే మొదలవుతాయి. హెచ్ఐవీ మందులు వాడుతున్నవాళ్లు, వైరస్ ఆ మందులకి మొండికేసిందేమో చూసే టెస్ట్ గురించి అడుగుతారు. నెల్లూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి, పుత్తూరు. పొద్దున రైలెక్కి చెన్నై సెంట్రల్‌లో దిగి, రాత్రికి మళ్లీ ఇల్లు చేరాలనుకునేవాళ్లు. సొంతూళ్లో రక్తం ఇస్తే తెలిసినవాళ్లు చూస్తారని కొందరి భయం. చెన్నైలో అయితే "పెద్ద టెస్ట్" దొరుకుతుందని కొందరి నమ్మకం. నేను ఇక్కడ ఒక మాలిక్యులర్ ల్యాబ్‌లో పనిచేస్తాను. మాది గూడూరు కాబట్టి తెలుగు ఫోన్లన్నీ నా దగ్గరికే పంపిస్తారు.

ధర చెప్పేముందు నేను మూడు సంగతులు అడుగుతాను. ఇప్పుడు ఏ మాత్ర వేసుకుంటున్నారు? మధ్యలో ఎప్పుడైనా ఆపారా? వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందన్నది, ఎన్నిసార్లు చూశారు? జవాబులు విన్నాక చాలామందికి "ఇప్పుడే వద్దులెండి" అని చెప్పాల్సి వస్తుంది. మా ఓనర్ వింటే ఏమంటాడో గానీ, వేలు పోసి చేయించుకున్న రిపోర్ట్ ఎందుకూ పనికిరాకపోతే తిట్లు తినేది కౌంటర్లో ఉన్న నేనే. ఒక మాట ముందే చెబుతాను, నేను డాక్టర్ని కాదు. మందు మార్చాలా వద్దా అన్నది వాళ్ల పని. ఏ టెస్ట్ ఏ ప్రశ్నకి జవాబిస్తుంది, దేనికి ఇవ్వదు అన్నంతవరకే నాది.

ఇంకోసారి వైరల్ లోడా, నేరుగా రెసిస్టెన్స్ టెస్టా

ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్లో (హెచ్ఐవీ మందులిచ్చే చోటు) వైరల్ లోడ్ ఉచితం. మందులు మొదలుపెట్టిన ఆరో నెలలో, పన్నెండో నెలలో, ఆ తర్వాత ఏడాదికోసారి చూస్తారు. మిల్లీలీటరుకి 1,000 కాపీలు, ఆ పైన వస్తే వెంటనే మందు మార్చరు. కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడతారు, మూడు నెలలు మాత్రలు తప్పకుండా వేసుకోమంటారు, మళ్లీ వైరల్ లోడ్ చూస్తారు. చాలామందికి ఇది తిప్పించుకోవడంలా అనిపిస్తుంది. నన్నడిగితే ఈ మూడు నెలలకి మించిన టెస్ట్ లేదు.

ఒకసారి నాయుడుపేట నుంచి ఒక ఆటో డ్రైవర్, ఆయన భార్య వచ్చారు. వైరల్ లోడ్ 4,200. టీఎల్‌డీ మాత్ర (మూడు హెచ్ఐవీ మందులు కలిపింది) రోజూ రాత్రి తొమ్మిదికి, ఒక్క రోజు కూడా తప్పలేదని ఆయన ఒట్టు పెడుతున్నాడు. ఆమె మధ్యలో అందుకుంది. "తప్పలేదు సార్, నేనే ఇస్తా. మాత్ర ఇచ్చి, కడుపులో మంట రాకుండా గ్యాస్ మందు కూడా అప్పుడే పోస్తా." సంచీలోంచి సీసా తీసి చూపించింది. గులాబీ రంగు సిరప్, సగం ఖాళీ.

టీఎల్‌డీలో ఉన్న డొలుటెగ్రవిర్‌కి లోహాలంటే పడదు. గ్యాస్ సిరప్‌లో ఉండే అల్యూమినియం, మెగ్నీషియంతో పేగుల్లోనే అతుక్కుపోతుంది, రక్తంలోకి వెళ్లేది బాగా తగ్గిపోతుంది. మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత సిరప్ తాగొచ్చు. సిరప్ ముందు తాగితే మాత్రకి ఆరు గంటలు ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకూ ఇదే లెక్క, కాకపోతే వాటిని భోజనంతో పాటు అయితే టీఎల్‌డీతో కలిపి వేసుకోవచ్చు. గర్భిణులకి ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి, వాళ్ల సంచీలో ఆ రెండు మాత్రలూ ఉండనే ఉంటాయి. ఆ దంపతుల దగ్గర నేను రక్తం తీసుకోలేదు. ఏఆర్‌టీ సెంటర్లో డాక్టర్‌కి సీసా చూపించమని పంపించాను. మూడున్నర నెలల తర్వాత వాట్సాప్‌లో ఫోటో వచ్చింది, "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అని, అంటే వైరస్ కనబడలేదని. వాళ్లకి వైరస్ మొండికేయలేదు. మందు దాన్ని చేరనే లేదు.

టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ కూడా ఇంతే, డొలుటెగ్రవిర్‌ని ఒంట్లోంచి తొందరగా పంపించేస్తుంది. అందుకే టీబీ కోర్సు నడిచినన్నాళ్లు 12 గంటల తేడాతో ఇంకో 50 మిల్లీగ్రాముల మాత్ర ఇస్తారు. ఆ రెండో మాత్ర "ఎక్స్‌ట్రా ఎందుకులే" అని వదిలేసినవాళ్లని చూశాను.

అంకెలతో ఇంకో తంటా. పోయినసారి 1,100, ఈసారి 2,400, రెట్టింపు అయిపోయిందని టెన్షన్ పడతారు. ఈ టెస్ట్‌లో మూడు రెట్ల లోపు తేడా టెస్ట్ ఊగిసలాటే కావచ్చు. ఒకసారి ఒక ల్యాబ్, ఇంకోసారి ఇంకో ల్యాబ్ అయితే అసలు పోల్చలేం. ప్రభుత్వ సెంటర్లో చూపించుకుంటున్నవాళ్లు మధ్యలో ప్రైవేటులో ఒకసారి చేయించి రెండూ పక్కపక్కన పెట్టుకుని కంగారు పడటం మానేయాలి.

రెండో వైరల్ లోడ్ కూడా 1,000 దాటింది, మాత్రలు నిజంగానే సరిగ్గా వేసుకుంటున్నారు, సిరప్‌లూ టీబీ మందులూ లేవు. అప్పుడు రెసిస్టెన్స్ టెస్ట్ మాట ఎత్తుకోవచ్చు.

మందులు ఆపి రక్తం ఇవ్వకండి

ఇది వేరేగా రాస్తున్నానంటే కారణం ఉంది. "మందు పనిచేయట్లేదుగా, ఎందుకు మింగడం" అని ఆపేసి, రెండు నెలలు డబ్బు కూడబెట్టుకుని టెస్ట్‌కి వచ్చిన కుర్రాడొకడు నాకు బాగా గుర్తు. నా దగ్గరికి రాకముందే నగరంలో ఇంకో చోట చేయించేశాడు. అక్కడ ఎవరూ అడగలేదు, మందులు ఆపావా అని. రిపోర్ట్‌లో అన్ని మందులకీ "ససెప్టిబుల్" అని వచ్చింది, అంటే అన్నిటికీ వైరస్ లొంగుతుందని. వాడి సంతోషం చూసి నాకు నోరు పెగల్లేదు.

జరిగేది ఇది. హెచ్ఐవీ తన 9,700 అక్షరాల జన్యుపత్రాన్ని నకలు తీసుకునేటప్పుడు తప్పులు దిద్దుకోదు. వైద్యం లేని ఒంట్లో రోజుకు వెయ్యి కోట్ల దాకా కొత్త వైరస్‌లు పుడతాయి. అన్ని నకళ్లలో ఏదో ఒక తప్పు ఏదో ఒక మందుకి లొంగకుండా చేస్తుంది. మందు ఉన్నంతకాలం ఆ తప్పున్న వైరసే బతికి బట్టకడుతుంది. మందు ఆపేస్తే దానికి ఆ అవసరం తీరిపోతుంది. అలాంటి వైరస్‌లు చాలావరకు పరుగులో కాస్త కుంటివి కాబట్టి, పాత మామూలు వైరస్ వాటిని దాటేసి రక్తమంతా నిండుతుంది. మొండిది మాత్రం చచ్చిపోదు, కణాల డీఎన్‌ఏలో దాక్కుంటుంది. మళ్లీ అదే మందు మొదలుపెట్టగానే లేచి వస్తుంది. అందుకే మందు వేసుకుంటూ ఉండగానే, లేదా ఆపి నాలుగు వారాలు దాటకముందే రక్తం ఇవ్వాలి. దాటిపోతే ఆ డబ్బు పెట్టకండి, ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లి ఆపిన మాట దాచకుండా చెప్పండి.

రెండు ఎంజైములా, మూడా

ధరల జాబితాలో రెసిస్టెన్స్ టెస్ట్‌కి "హెచ్ఐవీ జీనోటైప్" అని ఒకే పేరుతో రెండు రకాలు ఉంటాయి. కాస్త తక్కువ ధరది రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్, ప్రొటీజ్ అనే రెండు ఎంజైముల జన్యువుల్ని చదువుతుంది. ఇంకోటి వీటితోపాటు ఇంటిగ్రేజ్‌ని కూడా చదువుతుంది. కొన్ని చోట్ల ఇంటిగ్రేజ్‌కి వేరే బిల్లు.

మన దేశంలో ప్రభుత్వం ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలుపెట్టింది. అప్పుడు నెవిరపిన్, ఎఫావిరెంజ్ అనే మందుల కాలం. ఈ రెండూ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ మీద పనిచేసేవే కాబట్టి రెండు ఎంజైముల టెస్ట్ సరిపోయేది. కె103ఎన్ అనే ఒక్క మార్పు వస్తే చాలు, నెవిరపిన్ పోయేది, ఎఫావిరెంజ్ కూడా పోయేది. ఇలాంటి మందులకి ముందే మొండిగా ఉన్న వైరస్ చాలా దేశాల్లో పెరుగుతోందనే ప్రపంచ ఆరోగ్య సంస్థ డొలుటెగ్రవిర్‌ని ముందుకు తెచ్చింది, 2019లో మొదటి ఎంపికగా సిఫారసు చేసింది. ఇప్పుడు మనవాళ్లు మింగే టీఎల్‌డీలో టెనొఫొవిర్ 300, లామివుడిన్ 300, డొలుటెగ్రవిర్ 50 మిల్లీగ్రాములు. మూడోది ఇంటిగ్రేజ్ మీద పనిచేస్తుంది. మాత్రకి అసలు బలం అదే.

టీఎల్‌డీ వేసుకునేవాళ్లు ఇంటిగ్రేజ్ లేని టెస్ట్ చేయించుకుంటే, రెండు గదులు వెతికి ఇంట్లో దొంగ లేడన్నట్టే. ఇంటిగ్రేజ్ లేకపోతే ఆ టెస్ట్ వద్దు అని గట్టిగానే చెబుతాను. ఆర్డర్ కాగితం మీద ఆ పదం ఉందో లేదో మీరే చూసుకోండి. ఒకరోజు ఆలస్యమైనా పర్వాలేదు. ఎఫావిరెంజ్ మీదే ఉండి, ఇంటిగ్రేజ్ మందు ఎప్పుడూ ముట్టనివాళ్లకి పాత టెస్ట్ చాలు. అలాంటివాళ్లు ఇప్పుడు తక్కువ.

డొలుటెగ్రవిర్‌కి వైరస్ తొందరగా మొండికేయదు, అది దాని గొప్ప. అసలు మొండికేయదని మాత్రం కాదు. డొలుటెగ్రవిర్ వాడుతున్నా వైరల్ లోడ్ అదుపులో లేనివాళ్లలో 3.9 నుంచి 8.6 శాతం దాకా రెసిస్టెన్స్ కనిపించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదికలో రాసింది. అదివరకే వేరే మందులు వాడి, వైరల్ లోడ్ ఎక్కువగా ఉండగానే దీనికి మారినవాళ్లలో 19.6 శాతం దాకా. ఇవి అదుపులో లేనివాళ్ల లెక్కలు, మాత్ర వేసుకునే అందరివీ కావు. టీఎల్‌డీ మీద ఉండి వైరల్ లోడ్ రెండుసార్లు పెరిగినవాళ్లలో కూడా ఎక్కువమందికి ఇంటిగ్రేజ్ శుభ్రంగా ఉంటుందనే దీని అర్థం. అయినా చూడాల్సిందే, ఎందుకంటే చూస్తే తప్ప ఎవరిది ఏదో తెలియదు.

ఇంకో సంగతి మనసుకి ఊరటనిస్తుంది. రిపోర్ట్‌లో టెనొఫొవిర్, లామివుడిన్ రెండింటి ఎదురుగా ఎర్ర అక్షరాలు చూసి "ఇక మూడింట్లో రెండు పోయాయి" అని ఏడ్చినవాళ్లున్నారు. ఉగాండా, కెన్యా, జింబాబ్వేల్లో నడిచిన నాడియా అనే ట్రయల్‌లో సరిగ్గా అలాంటివాళ్లకి ఈ మందులే డొలుటెగ్రవిర్‌తో కలిపి ఇస్తే, 48 వారాల్లో పదిమందిలో తొమ్మిదిమందికి వైరస్ అదుపులోకి వచ్చింది. ఎర్ర అక్షరాలు చూసి మీకు మీరే తీర్పు రాసుకోకండి.

మిగతా టెస్ట్‌లు

వైరల్ లోడ్ 1,000 లోపు ఉంటే రక్తంలోని వైరస్ ఆర్‌ఎన్‌ఏ (దాని జన్యుపత్రం) నుంచి జీనోటైప్ చాలాసార్లు రాదు, శాంపిల్ ఫెయిల్ అవుతుంది. అప్పుడు "డీఎన్‌ఏ జీనోటైప్ చేస్తాం" అని కొందరు చెబుతారు. కణాల్లో దాక్కున్న పాత వైరస్‌ని చదివేది అది. పాత చరిత్ర తెలియనివాళ్లకి డాక్టర్ కోరి రాస్తే సరే. కానీ దాంట్లో ఏమీ దొరక్కపోతే నిజంగా లేనట్టు కాదు, ఏదైనా దొరికితే అది బతికున్న వైరస్‌దని చెప్పలేం. మన ఒంట్లోని ఒక ఎంజైము ఆ డీఎన్‌ఏని చెడగొట్టి దొంగ మ్యుటేషన్లు (జన్యు మార్పులు) కూడా పుట్టిస్తుంది. మీ అంతట మీరు ఎంచుకునే టెస్ట్ కాదిది.

ఎన్‌జీఎస్ అంటే కొత్తతరం సీక్వెన్సింగ్, జన్యువు అక్షరాల్ని చదివే పద్ధతి. మామూలుగా వాడే సాంగర్ పద్ధతిలో రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ జన్యువులో 184వ చోటు నాకు తెర మీద ఇలా, ఒక్కో అక్షరానికి ఒక్కో రంగు కొండలా కనబడుతుంది: మామూలు వైరస్‌కి ఏ, టీ, జీ, అంటే ఆకుపచ్చ కొండ, ఎర్ర కొండ, నల్ల కొండ. లామివుడిన్‌కి మొండికేసిన దాంట్లో మొదటి ఆకుపచ్చ కొండ ఉన్న చోట నల్ల కొండ లేస్తుంది. ఎం184వి అంటే ఇంతే, ఒక్క అక్షరం. ఒక్కోసారి రెండు కొండలూ ఒకే చోట ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, రెండు రకాల వైరస్‌లూ కలిసి ఉన్నాయన్నమాట. మొండిది ఐదో వంతు కంటే తక్కువైతే సాంగర్‌కి ఆ కొండ కనబడదు, ఎన్‌జీఎస్‌కి కనబడుతుంది. వినడానికి బాగుంది గానీ, డొలుటెగ్రవిర్ విషయంలో ఆ కొసరు వైరస్ చూసి మందు మార్చే సందర్భాలు తక్కువ. ధర ఒకటే అయితే తీసుకోండి, ఎక్కువైతే సాంగర్ చాలు.

ఫీనోటైప్ గురించి అడిగేవాళ్లు నెట్‌లో చదివి వస్తారు. వైరస్‌ని మందులో పెంచి చూసే టెస్ట్. ఖరీదు, ఆలస్యం. వదిలేయండి.

"నాది సబ్‌టైప్ సి అంట, డేంజరా?"

సబ్‌టైప్ అంటే హెచ్ఐవీలో ఒక ఉపరకం. రిపోర్ట్ మీద పైనే ఉంటుంది కాబట్టి అందరి కన్నూ దీనిమీదే పడుతుంది. మన దేశంలో హెచ్ఐవీ ఉన్నవాళ్లలో నూటికి తొంభైకి పైగా సబ్‌టైప్ సి. ప్రపంచంలో కూడా దాదాపు సగం ఇదే. హెచ్ఐవీ మన దేశంలో మొదట బయటపడింది ఈ ఊళ్లోనే. 1986లో మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల సేకరించిన శాంపిళ్లు వెల్లూరు సీఎంసీలో పరీక్షిస్తే తేలింది.

శాస్త్రవేత్తకి సబ్‌టైప్ సి బంగారు గని. బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో ఉదయ్‌కుమార్ రంగా బృందం, వైరస్ జన్యువుల్ని పనిచేయించే మీటల్లాంటి, మామూలుగా మూడు ఉండాల్సిన ఎన్ఎఫ్-కప్పాబి స్థానాలు నాలుగు ఉన్న రకం మన దేశంలో పెరుగుతోందని 2012లో చూపించింది. టెనొఫొవిర్‌కి మొండికేసే కె65ఆర్ మార్పు సబ్‌టైప్ సి లో కాస్త సులువుగా వస్తుందని ప్రయోగశాలల్లో తేలింది. మాత్ర మింగేవాడికి మాత్రం దీనివల్ల ఒరిగేది లేదు. సబ్‌టైప్ ఏదైనా వైద్యం అదే, టీఎల్‌డీ అదే. సబ్‌టైప్ తెలుసుకోవడానికే టెస్ట్ చేయించుకోవద్దు.

ఒక పెద్దమనిషి రిపోర్ట్ తెచ్చి "పద్నాలుగు మ్యుటేషన్లు బాబూ" అని వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఎం36ఐ, హెచ్69కె, ఎల్89ఎం, ఐ93ఎల్. ఇవన్నీ సబ్‌టైప్ సి లో పుట్టుకతో ఉండేవే. రిపోర్ట్‌లు అమెరికా, యూరప్‌లలో ఎక్కువగా ఉండే సబ్‌టైప్ బి పక్కన పెట్టి తేడాలు రాస్తాయి కాబట్టి, మన యాసనంతా తప్పుల కింద లెక్కగట్టినట్టు ఉంటుంది. "అదర్" అన్న గడిలో ఉన్నవి వదిలేసి, మందుల పేర్ల ఎదురుగా ఏముందో చూడండి.

నిజంగా పట్టించుకోవాల్సిన తేడా ఒకటుంది, హెచ్ఐవీ-2 అనే వేరే రకం వైరస్. మన దేశంలో తక్కువే గానీ ఉంది. దాని మీద ఎఫావిరెంజ్, నెవిరపిన్ పుట్టుకతోనే పనిచేయవు. హెచ్ఐవీ-1 కోసం చేసిన మామూలు వైరల్ లోడ్ టెస్ట్ దాన్ని కొలవదు, జీనోటైప్ కూడా చదవదు. మీ మొదటి రక్తపరీక్ష కాగితం మీద "2" అన్న అంకె ఎక్కడైనా ఉంటే ముందు ఆ సంగతి డాక్టర్‌తో తేల్చుకోండి.

తాంబరమా, ప్రైవేటా

సెంట్రల్‌లో దిగి ఎదురుగా పార్క్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కితే తాంబరం శానటోరియం స్టేషన్. 1928లో టీబీ కోసం పెట్టిన ఆస్పత్రి, తర్వాత హెచ్ఐవీ వైద్యానికి దేశంలోనే పెద్ద కేంద్రాల్లో ఒకటయ్యింది. సెకండ్ లైన్ మందులు (మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చేవి) 2008లో మొదట ఇచ్చిన రెండు చోట్లలో ఇదొకటి, రెండోది ముంబై జేజే ఆస్పత్రి. అయితే ఆంధ్రలో రిజిస్టర్ అయినవాళ్లు నేరుగా ఇక్కడికి వచ్చి మందు మార్చమంటే కుదరదు. మీ సెంటర్ మెడికల్ ఆఫీసర్ మీ కేసు నిపుణుల ప్యానెల్‌కి పంపుతారు, వాళ్లు చూసి నిర్ణయిస్తారు. రెసిస్టెన్స్ టెస్ట్ ప్రభుత్వ సెంటర్లలో అందరికీ రొటీన్‌గా చేయరు. ప్రైవేటులో చేయిస్తే ఆ కాగితం సెంటర్ ఇచ్చిన గ్రీన్ బుక్‌తోపాటు ఆ మెడికల్ ఆఫీసర్‌కే ఇవ్వండి. దాన్ని చూపించి బయట మందులు కొనుక్కోవడం మొదలుపెడితే, నాలుగు నెలలకి డబ్బు అయిపోయి అసలుకే మోసం వస్తుంది.

ప్రైవేటు ల్యాబ్‌ని అడగాల్సినవి: ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యత చూసే సంస్థ) గుర్తింపు ఈ టెస్ట్‌కే ఉందా, వేరేదానికా. ఇంటిగ్రేజ్ కలిపేనా. శాంపిల్ ఫెయిలైతే డబ్బు వెనక్కిస్తారా. సొంతూళ్లో రక్తం తీసి చెన్నై పంపిస్తామంటే, ప్లాస్మా అదే రోజు వేరు చేసి చల్లగా పంపిస్తారా అని అడగండి. ఊదా మూత ట్యూబు ఎండలో బైకు డిక్కీలో మధ్యాహ్నమంతా తిరిగి నా చేతికొస్తే, అందులో చదవడానికి ఆర్‌ఎన్‌ఏ మిగలకపోవచ్చు. ఆ అనుమానం ఉంటే మీరే రైలెక్కి రావడం మేలు. పేరు బయటికి పొక్కుతుందన్న భయానికి, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం మీ వైపు ఉంది. మీ అనుమతి లేకుండా టెస్ట్ చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. సందేహాలకి 1097కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

చివరిగా పాత కాగితాల సంగతి. సూళ్లూరుపేట నుంచి ఒకావిడ వచ్చింది. వైరల్ లోడ్ ఏళ్లుగా కనబడటం లేదు. ప్రైవేటు డాక్టర్ ఒకరు టెనొఫొవిర్ తీసేసి డొలుటెగ్రవిర్, లామివుడిన్ రెండే ఇద్దామా అని ఆలోచిస్తున్నారట, కిడ్నీల కోసం. దానికి ఏ టెస్ట్ చేయించాలని అడిగింది. వైరస్ లేని రక్తంలో నేను చదవడానికేముంది? ఎప్పుడైనా పాత రిపోర్ట్ ఉందా అంటే, బిస్కెట్ డబ్బాలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. 2011 నాటిది, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. మూడో వరుసలో ఎం184వి ఉంది. లామివుడిన్‌కి అప్పుడే మొండికేసిన వైరస్ ఆమె కణాల్లో ఇంకా ఉన్నట్టే లెక్క, అలాంటివాళ్లకి ఆ రెండు మందుల జత పనికిరాదు. ఫోటో తీసి డాక్టర్‌కి పంపమన్నాను, ఆయన ఆ ఆలోచన మానుకున్నారు. ఆవిడ దగ్గర ఆ రోజు మేం పైసా తీసుకోలేదు, కాగితానికి ప్లాస్టిక్ కవరు మాత్రం ఇచ్చాం.